మూత రాని ఫోను, ఆదివారం నీళ్లు

నారాయణఖేడ్ బస్టాండు దగ్గర ఒకే కొట్టులో, ఒకే స్టూలు మీద నా జీవితం గడిచింది. మొదట రేడియోలు, తర్వాత టేప్‌రికార్డర్లు, చివరికి ఫోన్లు. ఇప్పుడు నువ్వుగింజంత స్క్రూ కళ్లకు ఆనడం లేదు కాబట్టి స్టూలు దిగాను. కోపం మాత్రం దిగలేదు. ఫోన్ల పని నేర్చుకుందామని వచ్చే పిల్లలు "ఏ మిషన్ కొనాలె, ఎంత సంపాదించొచ్చు" అని అడుగుతున్నారు. అవి ఎవరైనా చెబుతారు. ఈ పనిలో నేను చేసిన తప్పులు ఇంకెవరూ చెప్పలేరు. అందుకే రాస్తున్నాను.

వీపు తిప్పిన యజమాని

నేను ఏడో తరగతితో బడి మానేశాను. పెళ్లయ్యాక జహీరాబాద్‌లో ఒక రేడియో దుకాణంలో పనికి కుదిరాను. పని అంటే దుమ్ము దులపడం, గిరాకీని కూర్చోబెట్టడం. యజమాని చెడ్డవాడు కాదు. వేళకు చాయ్ ఇప్పించేవాడు, పండక్కి బట్టలు పెట్టేవాడు. కానీ రేడియో మూత తీసేటప్పుడు మాత్రం నా వైపు వీపు తిప్పేవాడు. మెడ చాచి చూడబోతే "ఏంది, కోతి లెక్క తొంగి చూస్తున్నవ్?" అని ముందుకు ఇంకొంచెం వంగేవాడు. రెండేళ్లలో నేను బాగా చూసింది ఆయన చొక్కా వెనక భాగం.

ఇక లాభం లేదని, పాడైన రేడియో ఒకటి పాత సామాన్ల బండివాడి దగ్గర కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్నాను. ఏ తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో నా భార్య కుట్టుపని దారాలతో గుర్తులు కట్టుకుంటూ విప్పాను. ఎర్ర తీగకు ఎర్ర దారం, పచ్చ తీగకు పచ్చ దారం. తిరిగి బిగించాక అది పలకలేదు. మళ్లీ విప్పాను. పదిహేనో ఇరవయ్యోసారికి కర్ణాటక స్టేషన్ ఒకటి గరగరమని పలికింది. నాకు కన్నడం అంతంతమాత్రమే. అయినా ఆ పొద్దంతా విన్నాను. వాళ్లేదో బెల్లం ధరలు చెబుతున్నారు. నాకది పెళ్లిబాజా కంటే బాగుంది.

ఇంగ్లీషు అక్షరాలు కూడా రేడియో భాగాల మీద రాసి ఉన్నవి చూసే నేర్చుకున్నాను. మూత తెరుచుకునే వస్తువు దానంతట అదే బడి. మూత తెరవనివ్వనివాడు ఎంత పెద్ద కంపెనీ అయినా, నాకు ఆ జహీరాబాద్ వీపే గుర్తొస్తుంది.

గోటితో తెరిచే రోజులు

ఈ పనిలో నేను అన్నిటికంటే సంతోషంగా గడిపిన కాలం మూత ఫోన్ల కాలం. వెనక గోటితో ఇలా అంటే మూత వచ్చేది. బ్యాటరీ చేతిలో పడేది. దాని కింద సిమ్ము, పక్కన చిప్పు. చిప్పు అంటే మెమరీ కార్డు. మా దగ్గర ఆ పేరు ఎవరూ అనరు. నీళ్లలో పడిన ఫోనుని ముసలమ్మలు కూడా వంకాయ కోసినంత తేలిగ్గా విప్పి, తుడిచి, తెచ్చేవాళ్లు.

అంగడి రోజు నా కొట్టు చూడాలి. మనూర్ నుంచి, సిర్గాపూర్ నుంచి జనం దిగి ముందు నా దగ్గరికే వచ్చేవాళ్లు. బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టి, "కాకా, కూరగాయలు కొనుక్కొనొస్త, నింపి పెట్టు" అని పోయేవాళ్లు. ఒక్కో బ్యాటరీని పట్టకారులా పట్టుకునే ఛార్జర్లు గోడ పొడుగునా వేలాడదీశాను. అన్నిటికీ ఎర్ర దీపం, పచ్చ దీపం. హైదరాబాద్‌కు కూలికి పోయేవాళ్లు ఒకే రకం ఫోన్లు కొనుక్కునేవాళ్లు. ఒకరి బ్యాటరీ అయిపోతే ఇంకొకరిది వేసుకోవడానికి. పాలు తోడుపెట్టడానికి పక్కింట్లో పెరుగు అడిగినట్టు, బ్యాటరీ అడిగి తెచ్చుకునేవాళ్లు.

బ్యాటరీ బాగుందో లేదో చూడటానికి మిషన్ అక్కర్లేదు. బల్ల మీద పెట్టి తిప్పాలి. తిరగకుండా ఆగితే బాగున్నట్టు. గిరగిరా తిరిగితే కడుపు ఉబ్బినట్టు. ఇది కనిపెట్టింది ఏ ఇంజినీరో నాకు తెలియదు కానీ, మా దగ్గర మేకలు కాసేవాళ్లకు కూడా తెలుసు.

ఇక చిప్పుల సంగతి. పాటల కోసం వచ్చిన చిప్పు మా దగ్గర దస్తావేజు అయింది. ఊళ్లో పంచాయితీ జరిగితే పెద్దమనిషి చెప్పిన మాట ఎవరో ఒకరు ఫోనులో రికార్డు చేసేవాళ్లు. ఆ చిప్పు తీసి, రెండు పక్షాలకూ చెందని మనిషి దగ్గర దాచేవాళ్లు. చాలాసార్లు ఆ మనిషిని నేనే. బిస్కెట్ డబ్బాలో కాగితం పొట్లాలు, ఒక్కోదాని మీద ఊరి పేరు, మనుషుల పేర్లు. ఒక్కటి కూడా నేను వినలేదు. పిల్లలూ, ఇది గుర్తుంచుకోండి. మన చేతికి ఇచ్చేది ఫోను కాదు, ఇల్లు. పొయ్యి బాగు చేయడానికి పోయినవాడు పెట్టె తెరవకూడదు.

ఎండబెట్టమన్నది నేనే

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

రేడియోల కాలంలో సెల్లులు ఖరీదు. నీరసించిన టార్చిలైటు సెల్లుల్ని రెండు రోజులు ఎండలో పెడితే ఇంకో రెండు మూడు రోజులు రేడియో పలికేది. అది నిజమే, నేను చేసి చూశాను. వచ్చినవాళ్లందరికీ చెప్పాను. "పారేయకుండ్రి, మిరపకాయల పక్కన ఎండకు పెట్టుండ్రి." మనూర్ మండలమంతా నా మాట పాకింది. ఇంటి కప్పుల మీద మిరపకాయలు, వడియాలు, సెల్లులు. నాకెంత గర్వంగా ఉండేదో!

తర్వాత ఫోన్లు వచ్చాయి. ఒకరోజు ఒక పెద్దాయన కండువాలో కట్టి ఫోను బ్యాటరీ తెచ్చాడు. పూరీలా ఉబ్బి ఉంది.

"ఏం చేసినవ్ దీన్ని?"

"ఎండకు పెట్టిన."

"ఎండకా? ఎవడు చెప్పిండు నీకు?"

"నువ్వే చెప్పినవ్ గద!"

కొట్టులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. కానీ వెంటనే బోర్డు రాయించి పెట్టాను. 'ఫోను బ్యాటరీ ఎండకు పెట్టరాదు.' ఏం లాభం? చెప్పిన మాట మండలమంతా తిరుగుతుంది. వెనక్కి తీసుకున్న మాట కొట్టు గడప దాటదు. పైగా బోర్డు కింద నిలబడి ఒకామె నాతోనే అంది, "నువ్వు చెప్పినట్టు చేస్తే మా రేడియో పదేండ్లొచ్చింది కాకా, ఈ బోర్డు ఎవడు పెట్టిండు?"

లోపల అంటే ఏడ?

సరుకు పంపే సేటు ఒకడు నెలకోసారి వచ్చేవాడు. మూత ఫోన్లు పంపమంటే పెదవి విరిచేవాడు. "ఇగ రావు కాకా. జనానికి సన్నగుండాలె, మెరవాలె. నువ్వొక్కనివే డబ్బా కావాలంటవ్." నేను పోట్లాడాను. సన్నగా ఉండటానికి అదేమైనా పెళ్లికూతురా? బ్యాటరీ చెడితే మనిషి ఏం చేయాలి? సేటు దానికి నవ్వి, "ఇంకోటి కొనాలె" అన్నాడు. అంత నిజాయితీగా మాట్లాడిన వ్యాపారిని నేను మళ్లీ చూడలేదు.

పోట్లాడాను గానీ, లొంగిపోయాను. కొట్టులో సరుకు లేకపోతే కొట్టు ఎందుకు? మూత రాని ఫోన్లు తెప్పించాను. అలా కొన్నవాళ్లలో ఎస్తేరమ్మ ఒకతి. మనూర్ అవతల ఒక చిన్న పల్లె వాళ్లది. భర్త దానియేలు. కొంచెం పొలం ఉంది, మిగతా రోజుల్లో కూలి. వాళ్ల పొలం పక్కన సంగప్ప పొలం. ఇద్దరికీ కలిపి ఒక్కటే బోరు, చెరి సగం వేసుకుని వేయించుకున్నారు. నీళ్ల వంతుల దగ్గర మాటామాటా వస్తే బాలప్ప అనే పెద్దమనిషి కూర్చుని పంచాయితీ చెప్పాడు. ఎస్తేరమ్మ దాన్ని తన కొత్త ఫోనులో రికార్డు చేసి, అలవాటు ప్రకారం నా దగ్గరికి తెచ్చింది.

"కాకా, గీ ఫోన్ల చిప్పు ఏడుంటది? తీసి నీ డబ్బాల పెట్టుకో."

"దీంట్ల చిప్పు లేదు బిడ్డా. అంతా లోపల్నే ఉంటది."

"లోపల అంటే ఏడ?"

"లోపల అంటే... లోపల్నే."

"మరి నేనెట్ల తీసుకోవాలె?"

"ఎందుకు తీసుడు? భద్రంగుంటది పో."

చూశారా? జహీరాబాద్ యజమాని వీపు తిప్పినట్టే నేనూ తిప్పాను. ఇంకో ఫోనులోకి ఒక నకలు పంపి పెడదామని కూడా నాకు తోచలేదు. గిరాకీ ఎక్కువగా ఉందని పంపించేశాను. ఆ తర్వాత కొన్నాళ్లకు బాలప్ప చనిపోయాడు.

రెండు తాళాలు

పోయిన ఎండాకాలం, నేను స్టూలు దిగడానికి కొంచెం ముందు, ఒక ఆదివారం పొద్దెక్కాక ఎస్తేరమ్మ, దానియేలు చర్చి నుంచి నేరుగా నా కొట్టుకు వచ్చారు. ఆమె చేతిలో తువ్వాల, తువ్వాలలో ఫోను. వాళ్ల వెనకే బైకు మీద సంగప్ప దిగి, మాట్లాడకుండా బెంచీ చివర కూర్చున్నాడు.

"నువ్వెందుకొచ్చినవ్?" అంది ఎస్తేరమ్మ.

"నాకూ ఫోను బాగు చేపిచ్చుకునేదుంది" అని సంగప్ప తన బటన్ల ఫోను బల్ల మీద పెట్టాడు.

నేను నొక్కి చూశాను. నిక్షేపంగా ఉంది. "దీనికేమైంది?"

"ఏమో. మంచిగ చూడు. జల్దీ లేదు."

తువ్వాల విప్పితే ఎస్తేరమ్మ ఫోను వెనక అద్దం ఒక పక్క లేచి, లోపల నుంచి బ్యాటరీ ఉబ్బి కనబడుతోంది. బ్యాటరీ జల్దీ అయిపోతోందని రెండు రోజులు మిరపకాయల పక్కన పెట్టిందట. ఎవరు చెప్పారని నేను అడగలేదు. ఆమే చెప్పింది.

"మా అత్తకు నువ్వు చెప్పినవట కాకా, రేడియో దినాలల్ల."

విషయం మెల్లగా తెలిసింది. బోరులో నీళ్లు తగ్గాయి. ఆదివారం వంతు ఎవరిదని గొడవ. సంగప్ప మాట ప్రకారం, వాళ్లు ఎలాగూ చర్చికి పోతారు కాబట్టి ఆదివారం మొత్తం బాలప్ప తనకే ఇచ్చాడు. దానియేలు మాట ప్రకారం, చర్చి అయ్యేదాకా సంగప్పది, పన్నెండు దాటాక తమది. ఒకరోజు మోటారు పెట్టె దగ్గర చెయ్యి చేసుకునేదాకా వచ్చారు. దానియేలు పెట్టెకు తాళం వేశాడు. సంగప్ప దాని పక్కనే ఇంకో తాళం వేశాడు. నాలుగు రోజులుగా బోరు బంద్. సంగప్ప ఉల్లి చేను తలవాల్చింది. దానియేలు పల్లి చేను సరిగ్గా ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే దశలో ఉంది. ఇవాళ నీళ్లు పడకపోతే రెండు చేలూ పోతాయి. బాలప్ప లేడు. బాలప్ప మాట ఈ ఫోనులో ఉంది, గొడవ ముదిరేసరికే అది ఉబ్బి ఆగిపోయింది.

"దీన్ల ఉన్నది ఇనిపిస్తే ఆయన తాళం తీస్తడట" అంది ఎస్తేరమ్మ.

"ఇనిపిస్తే గద" అన్నాడు సంగప్ప. "కావాల్నని పాడుజేసిండ్రేమో, ఎవరికెర్క?"

"మా పల్లి చేను గూడ ఎండుతున్నది, నీకు కనవడ్తలేదా?" దానియేలు లేచాడు.

"కూసోండ్రి ఇద్దరూ" అన్నాను. అమ్మింది నేను. భద్రమన్నది నేను. ఎండబెట్టమన్నది నేను. ఆ రెండు చేలకూ తాళం వేసింది ఒక రకంగా నేనే.

కోపంగా ఉన్నవాడి చేతికి పని ఇవ్వాలి

అతికించిన ఫోనును మామూలుగా వేడి చేసి తెరుస్తారు. ఉబ్బిన బ్యాటరీ ఉంటే ఆ పని అస్సలు చేయకండి. ఒకసారి నేను తొందరపడి చేసి, బ్యాటరీని పొడిచి, పొగ లేపాను. అప్పుడు భయంతో దాన్ని వీధిలోకి విసిరితే పక్క కొట్టు అతను ఆరవేసుకున్న లుంగీలో పడింది. ఇప్పటికీ ఆ మనిషి నన్ను చూస్తే లుంగీ పట్టుకుంటాడు. అప్పటి నుంచి కాళ్ల దగ్గర ఇసుక నింపిన తట్ట ఉంచుతున్నాను.

సంగప్పను పిలిచి టార్చిలైటు ఇచ్చాను. దానియేలును పిలిచి ఫోను రెండు అంచులూ పట్టుకోమన్నాను. ఆ చిన్న బల్ల దగ్గర భుజానికి భుజం తగలక తప్పదు. ఇది కూడా ఈ పనిలో భాగమే. కోపంగా ఉన్నవాణ్ణి బెంచీ మీద ఖాళీగా కూర్చోబెట్టకూడదు.

సూదిమందు సిరంజిలో స్పిరిట్ నింపి, లేచిన అంచు వెంట చుక్క చుక్క వదిలాను. జిగురు మెత్తబడుతుంటే, చొక్కా కాలరులో ఉండే ప్లాస్టిక్ పట్టీని మెల్లగా లోపలికి తోశాను. దానికంటే మంచి పనిముట్టు ఇంకా పుట్టలేదు.

"లైటు కదల్తున్నది సంగప్పా. ఊపిరి ఆపు."

"ఆపితే సస్త గద!"

"మెల్లగ పీల్చు మరి."

"సస్తే ఆదివారం మొత్తం నాకే" అన్నాడు దానియేలు, ఫోను మీంచి చూపు తిప్పకుండానే.

సంగప్పకు నవ్వొచ్చింది. లైటు మళ్లీ ఊగింది. ఇద్దర్నీ తిట్టాను.

వెనక అద్దం వచ్చింది. కింద బ్యాటరీని కూడా అతికించారు. కంపెనీవాళ్లకు మనిషి మీద ఎంత అనుమానమో చూడండి, స్క్రూలు వేసి, జిగురు పూసి, మళ్లీ దాని కింద జిగురు. దానికీ చుక్కలు వదిలి, గంట సేపు కూర్చుని, వెంట్రుక వెంట్రుకగా లేపాను. ఎస్తేరమ్మ కళ్లు మూసుకుని పెదవులు కదుపుతోంది. బ్యాటరీ చేతికి వచ్చింది. బల్ల మీద పెట్టి తిప్పితే బొంగరంలా తిరిగింది.

"అబ్బో, ఆగుతనే లేదు" అన్నాడు సంగప్ప.

సేటుకు ఫోన్ చేశాను. ఈ ఫోను బ్యాటరీ రావడానికి పదిహేను రోజులు పడుతుందన్నాడు. పదిహేను రోజుల తర్వాత ఉల్లి చేనులో మేకలు కూడా దిగవు. అప్పుడు కింది సొరుగు తెరిచాను. పాత మూత ఫోన్ల బ్యాటరీలు, ఇంట్లో అందరూ పారేయమంటే పారేయనివి. ఒక్కొక్కటీ బల్ల మీద తిప్పి చూశాను. తిరగనిది, ఇంకా ప్రాణం ఉన్నది ఒకటి దొరికింది. ఉబ్బిన బ్యాటరీ నెత్తి మీద ఒక చిన్న పలక ఉంటుంది, ఎక్కువా తక్కువా కాకుండా కాపలా కాసేది. దాన్ని విప్పి ఈ పాతదానికి రెండు తీగలతో అతికాను. ఉబ్బినదాన్ని ఇసుకలో పాతిపెట్టాను. సన్నని ఫోనులో లావు బ్యాటరీ పట్టదు కాబట్టి అది బయటే వేలాడింది, బొడ్డుపేగుకు బిడ్డ వేలాడినట్టు.

బటన్ నొక్కాను. ఏమీ లేదు. మళ్లీ నొక్కి పట్టుకున్నాను. తెర వెలిగింది.

"స్తోత్రం!" అంది ఎస్తేరమ్మ.

"పోచమ్మ తల్లీ!" అన్నాడు సంగప్ప.

నేను తీగ ఊడకుండా వేలితో నొక్కి పట్టుకున్నాను.

బాలప్ప మాట

ఎస్తేరమ్మే వెతికి తీసింది. ముందు కుర్చీలు జరిపిన చప్పుడు, ఎవరో దగ్గడం. తర్వాత బాలప్ప గొంతు, పొగాకు నమిలినట్టు మెల్లగా.

"ఇనుండ్రి. సోమ, బుధ, శుక్కురం సంగప్పది. మంగళ, గురు, శని దానియేలుది. ఆదివారం ఎవ్వనిదీ కాదు. మోటరు బంద్. ఆరు దినాలు గుంజితిరి, ఏడో దినం బోరును ఊపిరి తీసుకోనియ్యుండ్రి. మనిషికి సెలవుంటది, గొడ్డుకు సెలవుంటది, బోరుకుండొద్దా? ఏమంటరు?"

"సరే పెద్దయ్యా." అది దానియేలు గొంతు.

"సరే, నువ్వన్నట్టే." అది సంగప్ప గొంతు.

ఎస్తేరమ్మ ఆపింది. బెంచీ మీద ముగ్గురూ నేల చూస్తున్నారు. నీళ్లు బాగా ఉన్న ఏడాదిలో ఆదివారం ఇతను కొంచెం, అతను కొంచెం మోటారు వేసుకుని, ఎవరికి కావలసిన తీర్పు వాళ్లు మనసులో రాసుకున్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఇద్దరూ మనస్ఫూర్తిగా తప్పు చెప్పారు.

"గీ మాట ఎప్పుడన్నడు?" అన్నాడు సంగప్ప చివరికి.

"నువ్వు సరే అన్నప్పుడు" అంది ఎస్తేరమ్మ.

"నీ మొగడు నాకంటె ముందుగాల అన్నడు చెల్లె!"

గొడవ మొదలైన వారం రోజులకు ఆ మనిషి నోట మళ్లీ చెల్లె అన్న మాట వచ్చిందట. ఆమె తర్వాత నాతో చెప్పింది. కానీ అప్పుడు దానియేలు తల పట్టుకున్నాడు.

"కథ అయిపాయె. ఇయ్యాల ఆదివారమే. బాలప్ప మాట ప్రకారం ఇయ్యాల మోటరు ఎయ్యొద్దు. రేపటిదాంక చేను ఆగదు."

సంగప్ప కూడా తల ఊపాడు. చచ్చిపోయిన పెద్దమనిషి మాట. వినక ముందు పోట్లాడొచ్చు, విన్నాక దాటలేరు. ఇద్దరూ నిజంగానే లేచి పోబోయారు, చేలను ఎండకు వదిలేసి. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఆగుండ్రి" అంది ఎస్తేరమ్మ. "ఆదివారం ఎందుకు బందన్నడు పెద్దయ్య? బోరుకు సెలవియ్యనీకె. మీరిద్దరు తాళాలేసి నాలుగు దినాలాయె. నెల ఆదివారాలన్నీ ఒక్కసారే తీసుకున్నది అది. ఇగ దాని సెలవు అయిపోయింది, పనికి రమ్మనుండ్రి!"

దానియేలు భార్య వంక చూశాడు. సంగప్ప దానియేలు వంక చూశాడు.

"ఈమెను పెద్దమనిషిని చేస్తే అయిపోతుండె గదరా" అన్నాడు సంగప్ప.

అయితే ఇంకొక చిక్కు ఉంది. సంగప్ప తాళంచెవి అతని దగ్గర లేదు. అతని భార్య శాంతమ్మ కొంగుకు ఉంది. బాలప్ప గొంతు రికార్డు చేసిన ఆ ఫోనులోనే తన చెవులతో వింటే తప్ప ఇవ్వనని, నకలు నమ్మనని చెప్పి పంపిందట. ఆ ఫోను నేను లేకుండా కదలదు. తీగ ఊడితే మళ్లీ అతకాలి. రికార్డింగును ముందు నా పాత మూత ఫోనులోకి, అక్కడి నుంచి రెండు చిప్పుల్లోకి ఎక్కించి, డబ్బాలో పెట్టాను. అప్పుడు కొట్టుకు తాళం వేసి, ఫోనును బిడ్డలా ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కాను. గతుకు వచ్చినప్పుడల్లా వెనక బైకు మీద నుంచి సంగప్ప అరిచాడు, "మెల్లగ పోనియ్యి డ్రైవరూ, బాలప్ప ఉన్నడు లోపల!"

బోరు దగ్గర

శాంతమ్మ మోటారు పెట్టె ముందు, నీడలో కూర్చుని ఉంది. కొంగు ముడి గుప్పిట్లో ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు.

"ఇనిపియ్యి కాకా" అంది.

పెట్టాను. బాలప్ప వంతులు చెప్పాడు. ఆదివారం సంగతి చెప్పాడు. శాంతమ్మ మొగుడి వంక చూసింది. ఆ చూపుకు సంగప్ప ఉల్లి చేను వైపు తిరిగి నిలబడ్డాడు. దానియేలు సరే, సంగప్ప సరే. నేను ఆపబోయాను గానీ వేలు తెర మీద పడేలోపు అది ఇంకా నడిచింది. రికార్డు చేసిన రోజు ఎస్తేరమ్మ ఆపడం మరిచిపోయినట్టుంది.

"పంచాయితి అయింది. ఇగ రొట్టె పెట్టుండ్రి" అన్నాడు బాలప్ప.

"ఎవరింట్ల తింటవ్ పెద్దయ్యా?" అది శాంతమ్మ గొంతు. బోరు దగ్గర కూర్చున్న శాంతమ్మ ఉలిక్కిపడింది.

"ఇద్దరింట్ల తింట. ఓ దిక్కే తింటే, తిన్నదిక్కే తీర్పు చెప్పిన అంటరు."

"మా ఇంట్ల కోడికూర ఉన్నది" అంది ఫోనులో ఎస్తేరమ్మ.

"అగో, చూసినవా వదినా" అంది ఫోనులో శాంతమ్మ, "పంచాయితి ముందుగాల కోస్తే లంచమైతుండె, ఎనుక కోసిండ్రు!"

ఫోనులో అందరూ నవ్వారు. ఇద్దరు ఆడవాళ్ల నవ్వు ఒకదాని మీద ఒకటి పడి, ఏది ఎవరిదో తెలియలేదు. ఇక్కడ శాంతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆపుకోవాలని చూసింది. భుజాలు కదిలాయి. చివరికి పక్కున నవ్వేసి, కొంగు ముడి విప్పి తాళంచెవి ఎస్తేరమ్మ చేతుల్లోకి విసిరింది.

"తియ్యి వదినా, రెండూ నువ్వే తియ్యి. ఈ మొగోళ్ల చేతికి ఇయ్యకు."

రెండు తాళాలూ ఊడాయి. సంగప్ప మీట పైకి లేపాడు. మోటారు ముందు మూలిగింది. పైపులోంచి గాలి వచ్చింది, బురద ఉమ్మింది, దగ్గింది, ఆగింది. నలుగురూ పైపు మూతి చూస్తూ నిలబడ్డారు. తర్వాత నీళ్లు వచ్చాయి. పోయిన వారం దాకా సన్నగా జారిన నీళ్లు కావు, నాలుగు రోజులు ఊపిరి పీల్చుకున్న బోరు పైపు నిండా పోసిన నీళ్లు. దానియేలు పార తీసుకుని ఉరికి కాలువను రెండుగా చీల్చాడు, ఒక పాయ ఉల్లికి, ఒక పాయ పల్లికి. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

నేను గట్టు మీద నుంచి పక్కకు జరిగేలోపు నీళ్లు నా పాదాల మీదుగా పోయాయి. వెనక మూత లేని ఫోను చేతిలో ఉంది. రెండు చేతులతో తల మీదికి ఎత్తి పట్టుకుని, చల్లటి బురదలో అలాగే నిలబడ్డాను. ఆపడానికి చెయ్యి ఖాళీ లేదు. పైన ఫోనులో బాలప్ప ఇంకో రొట్టె వేయమని అడుగుతూనే ఉన్నాడు.